బుధవారం బోర్డు మీద ఎర్ర సుద్ద: ఫోర్డ్‌లో ములాలీ, మా డెల్టాలో ఒక మిల్లు

మండపేట దగ్గర ఒక రైసుమిల్లు. పేరెందుకులెండి. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి ఆస్తి. తండ్రి హయాంలో చిన్న హల్లర్ మిల్లుగా మొదలై రంగు మారిన గింజలు ఏరేసే సార్టెక్స్ మిషను దాకా వచ్చింది. రెండు సీజన్లుగా దెబ్బ తింటోందని నన్ను పిలిచారు. ఆఫీసు గదిలో లక్ష్మీదేవి పటం పక్కన నల్లబోర్డు ఒకటి కొట్టించి ఆరు గళ్ళు గీశాను. ధాన్యం కొనుగోలు, మిల్లింగు, బియ్యం అప్పగింత, తవుడూ నూకా అమ్మకం, బ్యాంకు, రిపేర్లు. ఒక్కో గడికీ ఒక్కో మనిషి. వారానికోసారి వచ్చి తన గడిలో సుద్దముక్కతో రంగు వెయ్యాలి. సవ్యంగా ఉంటే పచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, తేడా వస్తే ఎరుపు.

మొదటి వారం ఆరుకి ఆరూ పచ్చే. గుమస్తా గారైతే గడి అంచులు కూడా వదలకుండా నింపేశారు. "ఆయ్, అంతా బాగానే ఉందండి బాబూ" అన్నారు అన్నదమ్ముల్లో పెద్దాయన వైపు చూసి. అదే వారం బ్యాంకు మేనేజరు ఫోన్ చేశాడు, సీసీ ఖాతా, అంటే స్టాకు చూపించి వాడుకునే అప్పు ఖాతా, లిమిట్ దాటి మూడు వారాలైందని.

నేను కాస్ట్ అకౌంటెంటుని. మావైపు లెక్కలు చూసే ప్రతివాడూ ఆడిటరు గారే కాబట్టి నన్నూ అలాగే పిలుస్తారు. తణుకు నుంచి రామచంద్రపురం దాకా పాతికేళ్ళుగా మిల్లుల పుస్తకాలు తిరగేస్తున్నాను. ఆ బోర్డు నా బుర్రలో పుట్టింది కాదు, అలన్ ములాలీ దగ్గర అరువు తెచ్చుకున్నది. ఆయన 2006లో ఫోర్డ్ కార్ల కంపెనీ పగ్గాలు పట్టినప్పుడు అక్కడా మొదట్లో అన్నీ పచ్చగానే కనిపించాయి. అందుకే ఈ రెండు కేసులూ కలిపి రాస్తున్నాను. మిల్లులో నేను చేసిన పొరపాటు అర్థం కావాలంటే ఫోర్డ్ సంగతి ముందు తెలియాలి.

ములాలీ కార్ల మనిషి కాదు. 1945లో కాలిఫోర్నియాలో పుట్టాడు, కాన్సస్‌లో పెరిగాడు, విమానాల ఇంజినీరింగు చదివాడు. 1969లో బోయింగ్‌లో చేరి 37 ఏళ్ళు అక్కడే ఉన్నాడు. 777 విమానం తయారీ ఆయన సారథ్యంలోనే నడిచింది. అది మొదటిసారి ఎగిరింది 1994 జూన్‌లో. విమానమంటే లక్షల విడిభాగాల కూర్పు. ఎవరో ఒకరు తన భాగం ఆలస్యమవుతోందన్న సంగతి దాచిపెడితే ఆఖర్న మొత్తం పని ఆగిపోతుంది. వారం వారం అందర్నీ ఒకే గదిలో కూచోబెట్టి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పించడం ఆయనకి అక్కడ అబ్బిన అలవాటు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాల గిరాకీ పడిపోయింది. ఆ ఏడు 527 విమానాలు అప్పగించిన బోయింగ్ 2003లో 281 మాత్రమే అప్పగించింది. వేలమందిని ఇంటికి పంపి ఆ విభాగాన్ని నిలబెట్టింది ఈయనే. అయినా కంపెనీ పెద్ద కుర్చీ రెండుసార్లు ఖాళీ అయినప్పుడు, 2003లోనూ 2005లోనూ, ఈయనకి దక్కలేదు.

ఈ కేసు చెప్పేవాళ్ళు ఇక్కడి నుంచి నేరుగా ములాలీ ఫోర్డ్‌లో పెట్టిన గురువారం సమావేశాల్లోకి దూకేస్తారు. నాకు మాత్రం అంతకుముందు జరిగినదే అసలు సంగతి. 2006 సెప్టెంబరు 5న బిల్ ఫోర్డ్ సీఈఓ కుర్చీ దిగాడు. హెన్రీ ఫోర్డ్‌కి మునిమనవడు, 2001 నుంచి ఆ కుర్చీలో ఉన్నవాడు. కంపెనీలో ఆ కుటుంబానికి ఉన్న ప్రత్యేక వాటాలకి 40 శాతం ఓటు ఉంది. ఆయన్ని దిగమనే ధైర్యం ఎవరికీ లేదు. 2005 నుంచి జీతం తీసుకోవడం మానేశాడు, అయినా నష్టం ఆగలేదు. ఇక ఇది నావల్ల కాదని తనే అనుకుని బయటివాణ్ణి వెతికి తెచ్చుకున్నాడు. ఛైర్మన్‌గా ఉండిపోయాడు, కానీ ములాలీ నిర్ణయాలకి అడ్డు రాలేదు. అదే నెలలో కంపెనీ డివిడెండు ఆపేసింది. మళ్ళీ వాటాదారుల చేతికి డబ్బు వచ్చింది 2012లో. అంటే ఆ కుటుంబం ఐదేళ్ళకి పైగా ఆ రాబడి లేకుండా గడిపింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మావాళ్ళ మిల్లు ఖాతాల్లో 'సొంత వాడకాలు' అన్న పద్దు గుర్తొస్తుంది. పిల్ల పెళ్ళి, పిల్లాడి అమెరికా ఫీజు, ఊళ్ళో కల్యాణమండపానికి విరాళం, అన్నీ మిల్లు సీసీ ఖాతాలోంచే. నష్టం వచ్చిన ఏడు కూడా ఆ పద్దు తగ్గదు. తగ్గితే ఊరికి తెలిసిపోతుందని భయం.

ఆ ఏడాది ఫోర్డ్ నష్టం 1,260 కోట్ల డాలర్ల పైమాటే. ములాలీ వచ్చిన మూడు నెలలకి, అంటే 2006 డిసెంబరులో, కంపెనీ బ్యాంకుల దగ్గరా మార్కెట్లోనూ సుమారు 2,350 కోట్ల డాలర్లు అప్పు సమకూర్చుకుంది. తాకట్టు పెట్టింది ఏమిటనుకున్నారు? ఫ్యాక్టరీలు, భవనాలు, పేటెంట్లు, చివరికి కారు ముక్కు మీదుండే నీలం రంగు కోడిగుడ్డు ఆకారపు గుర్తు కూడా. తాతల నాటి పేరుని తాకట్టు పెట్టడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. అమెరికా కార్ల ఊరు డెట్రాయిట్‌లో మిగతా రెండు కంపెనీలూ, జనరల్ మోటార్స్, క్రైస్లర్, అప్పుడు అంత పని చెయ్యలేదు.

అప్పు తెచ్చిన వేళ చూడండి. బ్యాంకులు ఇంకా పిలిచి అప్పిస్తున్న రోజులవి. ఇరవై ఒక్క నెలలు గడిచాక 2008 సెప్టెంబరులో అమెరికా బ్యాంకింగు కుప్పకూలాక ఎంత తాకట్టు పెడతానన్నా ఇచ్చే నాథుడు లేడు. మాంద్యం అంత లోతుగా వస్తుందని ములాలీకి ముందే తెలుసని నేను నమ్మను. మార్పుకి డబ్బు కావాలి, చెడ్డ రోజొస్తే ఆసరా కావాలి అనుకున్నాడు. తక్కినది అదృష్టం. అయితే అదృష్టం వచ్చినప్పుడు చేతిలో డబ్బు ఉండటం మాత్రం ఆయన చేసుకున్నదే.

మా మిల్లర్లకి ఈ ఒక్క ముక్క చెప్పడానికే నాకు సగం జీవితం పట్టింది. బ్యాంకువాడు లిమిట్ పెంచేది స్టాకు స్టేట్‌మెంటు చూసి. సార్వా ధాన్యం దిగి, పుష్యమాసంలో గోదాము కప్పు దాకా బస్తాలు ఉన్నప్పుడు అడగాలి. అప్పుడు అడగరు, "మనకేం అవసరం?" అంటారు. స్టాకు తరిగి, సర్కారు సివిల్ సప్లైస్ శాఖ నుంచి బిల్లు రాక, కరెంటు బిల్లు మీద పడ్డ వేసవిలో పరిగెడతారు. కాలవలు కట్టేశాక నారుమడి పోసినట్టు.

ఇక గురువారాలు. ప్రతి గురువారం పొద్దున్నే ప్రపంచవ్యాప్తంగా ఉన్న పై అధికారులందరూ, దూరంగా ఉంటే వీడియోలోనైనా, హాజరు కావాలి. ఎవరి స్లైడు వాళ్ళే చూపాలి, కింది ఉద్యోగిని పంపితే కుదరదు. పక్కవాడితో గుసగుసలు ఉండకూడదు, ఫోన్లు చూసుకోకూడదు. లక్ష్యానికి తగ్గట్టు ఉంటే ఆకుపచ్చ, జారుతుంటే పసుపు, జారిపోతే ఎరుపు. వారాల తరబడి అందరూ ఆకుపచ్చే చూపించారు. వందల కోట్ల డాలర్లు పోతున్న కంపెనీలో ఒక్క ఇబ్బందీ లేదా అని ములాలీ అడిగాడట. ఎవరూ నోరు మెదపలేదు. ఫోర్డ్‌లో అంతకుముందు తప్పు ఒప్పుకున్నవాడికి ఏం జరిగేదో అందరికీ గుర్తే.

మొదట ఎరుపు చూపించింది మార్క్ ఫీల్డ్స్. అమెరికా ఖండం వ్యాపారం ఆయనది. ములాలీ రాకపోతే ఆ కుర్చీ తనకే వచ్చేదని ఆశ ఉన్నవాడు కూడా. కెనడాలోని ఓక్‌విల్ ఫ్యాక్టరీలో ఎడ్జ్ అనే కొత్త బండి బయటికి రావాల్సిన సమయం. అందులో ఒక లోపం బయటపడింది, ఎందుకో అంతు చిక్కలేదు. ఆయన బళ్ళు పంపడం ఆపేసి తన స్లైడు మీద ఎరుపు వేశాడు. గదిలో అందరూ ఈయన పని అయిపోయిందనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టాడు. దీనికి ఎవరు సాయం చెయ్యగలరని అడిగాడు. ఇలాంటి లోపం వేరే బండిలో చూశామని ఒకరు, ఇంజినీర్లని పంపిస్తామని మరొకరు ముందుకొచ్చారు. అయినా తర్వాతి వారం వెంటనే అందరూ మారిపోలేదు. ఫీల్డ్స్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడా, ములాలీ పక్కనే కూచున్నాడా అని చూసుకున్నాకే ఒకరి తర్వాత ఒకరు రంగులు మార్చారు.

నా పొరపాటు ఇక్కడే. నేను రంగులు అరువు తెచ్చుకున్నాను గానీ చప్పట్లు తేవడం మర్చిపోయాను.

ముందు రోజు కుదరడమే ఒక గొడవైంది. గురువారం పెడదామన్నాను, ములాలీ లాగా. పెద్దాయన బాబా గుడికి వెళ్ళే రోజట. శుక్రవారం డబ్బు పోయిన మాట ఎత్తకూడదు. మంగళవారం అచ్చిరాదు. బుధవారం తేలింది. రెండో చిక్కు రంగు. "ఎరుపు చెడ్డదెలా అవుతుందండీ, ఖాతా పుస్తకం అట్ట ఎరుపే, శ్రీకారం కుంకుమతోనే చుడతాం కదా" అన్నారు గుమస్తా గారు. దానికి నా దగ్గర జవాబు లేదు. డెట్రాయిట్ ట్రాఫిక్ దీపాల లెక్క మా ఖాతా పుస్తకాల్లో ఒదగదు మరి.

నాలుగో బుధవారం మిల్లు ఆపరేటరు తన గడిలో ఎరుపు వేశాడు. ముప్పై ఏళ్ళ కుర్రాడు, చేతులకి ఊక దుమ్ము అలాగే ఉంది. "పొట్టు ఒలిచే రబ్బరు రోళ్ళు అరిగిపోయాయండి. ఒత్తిడి పెంచి ఆడిస్తున్నాం. నూక ఎక్కువ పడతందండి" అన్నాడు. సర్కారు ధాన్యం ఆడించి బియ్యం తిరిగిచ్చే సీఎంఆర్ లెక్కలో క్వింటాల్ ధాన్యానికి 67 కిలోల బియ్యం సర్కారుకి అప్పగించాలి, అందులో నూకకీ ఒక హద్దుంది. వానకి తడిసిన ధాన్యం మీద అరిగిన రోళ్ళు ఆడితే ఆ హద్దు దాటుతుంది. అప్పుడు బయట బియ్యం కొని కలపాలి. రెండు సీజన్లుగా ఆ మిల్లులో డబ్బు కారిపోతున్న చిల్లు అదే. నేను పుస్తకాల్లో మూడు నెలలు వెతికినది ఆ కుర్రాడు ఒక్క సుద్దగీతతో చూపించాడు.

పెద్దాయన లేచి నిలబడ్డారు. "పది రోజులు ఆగమన్నానా లేదా? ఎవర్నడిగి ఎరుపేశావు, అమ్మవారి పటం పక్కన?" కుర్రాడు తడిగుడ్డతో తనే చెరిపేశాడు. నేను అక్కడే ఉన్నాను. ఏదో ఒకటి అనాల్సింది, అనలేదు. ఫీజు ఇచ్చేవాడి ముందు నోరు తెరవడానికి నాకూ ధైర్యం చాలలేదు. ఆ తర్వాత ఆరు వారాలు బోర్డు పంటచేలా కళకళలాడింది.

ఫోర్డ్ తన చేతిలోని వేరే బ్రాండ్లు అమ్ముకున్న సంగతి త్వరగా చెప్పేస్తాను, లెక్కలే మాట్లాడతాయి. ఆస్టన్ మార్టిన్‌ని 2007లో అమ్మేశారు. 1989లో 250 కోట్ల డాలర్లకి కొన్న జాగ్వార్, 2000లో 270 కోట్లకి కొన్న ల్యాండ్ రోవర్, రెండూ కలిపి 2008లో టాటా మోటార్స్‌కి 230 కోట్లకి ఇచ్చేశారు. 1999లో 645 కోట్లకి తెచ్చుకున్న వోల్వోని 2010లో చైనా కంపెనీ గీలీకి 180 కోట్ల ఒప్పందం మీద వదిలారు. మెర్క్యురీ అనే మరో బ్రాండు అమ్ముడుపోలేదు, మూసేశారు. జనానికి బాగా తెలిసిన టారస్ అనే కారు పేరుని ఎవరో పక్కన పడేస్తే ములాలీ 2007లో దాన్ని వెనక్కి తెచ్చాడు. నష్టానికి అమ్మడం అవమానమే, కానీ నీలం గుర్తు మీద పెట్టాల్సిన బుర్రని ఆ బ్రాండ్లు తినేస్తున్నాయి. మా మిల్లువాళ్ళకీ ఇలాంటిదొకటి ఉంది. ఆకివీడు వైపు పన్నెండెకరాల రొయ్యల చెరువుల లీజు. మేత, ఏరేటర్ల కరెంటు, అన్నీ మిల్లు డబ్బుతోనే. రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. "వంద కౌంటుకి, కిలోకి వంద రొయ్యలు తూగే సైజుకి, వచ్చాక ఎలా వదిలేస్తామండీ" అని తమ్ముడు గారి పట్టు. ఆ లీజు వదిలించడానికి నాకు ఒక వేసవి పట్టింది.

2008 నవంబరులో డెట్రాయిట్ కంపెనీల పెద్దలు ముగ్గురూ సొంత విమానాల్లో వాషింగ్టన్ వెళ్ళి సాయం అడిగారు. చేతులు చాచడానికి విమానాల్లో వచ్చారని దేశమంతా తిట్టింది. ములాలీ కూడా ఆ విమానాల్లో ఒకదాంట్లోనే వచ్చాడు, అది మరిచిపోకూడదు. డిసెంబరులో మళ్ళీ పిలిస్తే హైబ్రిడ్ కారులో వెళ్ళాడు. ఫోర్డ్ 900 కోట్ల డాలర్ల అప్పు సౌకర్యం అడిగింది, అవసరమైతేనే వాడతామంది, వాడలేదు. మరి ఎందుకు వెళ్ళినట్టు? జనరల్ మోటార్స్, క్రైస్లర్ పడిపోతే వాళ్ళకి విడిభాగాలు చేసే చిన్న కంపెనీలు మూతపడతాయి. ఆ కంపెనీలే ఫోర్డ్‌కీ సరుకిస్తాయి. పోటీవాణ్ణి బతికించమని అడగడం దయ కాదు, సొంత లెక్క. మా డెల్టాలో ఇది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్ద మేత డీలరు ఒకడు చేతులెత్తేస్తే అరువు మీద నడిచే చెరువులు ఎన్ని ఎండుతాయో భీమవరంలో ఎవర్నడిగినా చెబుతారు.

2009లో క్రైస్లర్ ఏప్రిల్ 30న, జనరల్ మోటార్స్ జూన్ 1న దివాలా కోర్టుకెళ్ళాయి. ఫోర్డ్ వెళ్ళలేదు. 2008లో సుమారు 1,470 కోట్ల డాలర్లు పోగొట్టుకున్న కంపెనీ 2009లో 270 కోట్లు, 2010లో 660 కోట్లు లాభం చూపించింది. తాకట్టులో ఉన్న నీలం గుర్తు 2012 మేలో విడిపించుకుంది. సర్కారు డబ్బు ముట్టలేదన్నది మాత్రం పూర్తి నిజం కాదు. మైలేజీ పెంచే బళ్ళకోసం ఇంధన శాఖ నుంచి 590 కోట్ల డాలర్ల రుణం తీసుకుంది.

ఈ గెలుపుకి మూల్యం చెల్లించినవాళ్ళు వేరే ఉన్నారు. ములాలీ వచ్చిన ఆ శరదృతువులోనే 38,000 మంది కార్మికులు డబ్బు పుచ్చుకుని ఇంటికెళ్ళడానికి సంతకాలు పెట్టారు. అదే ఏడాది నాలుగు నెలల కొలువుకి ములాలీకి ముట్టింది సుమారు 2.8 కోట్ల డాలర్లు, బోయింగ్‌లో వదులుకున్నదానికి పరిహారంతో కలిపి. మిల్లు ముఠా మేస్త్రికి ఈ కథ చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్క ప్రశ్నే, అంతమంది ఇంటికెళ్తుంటే ఈయనకి అంత సొమ్మెలా అని. నా దగ్గర జవాబు లేదు.

ఇండియాలో కూడా ఆ వెలుగు నిలవలేదు. 2010లో ఫోర్డ్ చిన్న కారు ఫిగో వచ్చినప్పుడు మా రాజమండ్రి, కాకినాడ రోడ్ల మీద బాగానే కనిపించింది, 2013లో ఎకోస్పోర్ట్‌కి బుకింగుల వరస. పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకి పైగా నష్టపోయామని చెప్పి 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి ములాలీ వెళ్ళిపోయి ఏడేళ్ళు. ఆయన 2014 జూలైలో దిగి కుర్చీ ఫీల్డ్స్‌కి అప్పగించాడు, ఆ మొదటి ఎరుపు వేసిన మనిషికే. 2017 మేలో ఫీల్డ్స్‌నీ దింపేశారు.

మిల్లు దగ్గరికి వస్తాను. పచ్చ బోర్డు ఆరో వారం తర్వాత పెద్దాయనతో ఒక్కణ్ణే కూచుని బిల్ ఫోర్డ్ కథ చెప్పాను. ములాలీ పేరు తక్కువ తీశాను. మునిమనవడు, నలభై శాతం ఓటు, తనే దిగాడు, తనే వెతికి తెచ్చాడు, తర్వాత అడ్డు రాలేదు. అంతా విని, "బుధవారం ఆ గంట మీరు గదిలో ఉండకండి" అన్న నా మాటకి చెంబులో నీళ్ళు తాగి, "నా మిల్లులో నన్నే బయట కూచోమంటారా ఆడిటరు గారూ?" అన్నారు. పది రోజులు ఫోన్ ఎత్తలేదు.

పదకొండో రోజు ఆయన కూతురు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి ఏడాదైంది, అప్పటిదాకా జీఎస్టీ రిటర్నులు తప్ప ఏదీ ముట్టుకోనివ్వలేదు. "నాన్నగారు బుధవారం నన్ను కూచోమన్నారండి. ఏం చెయ్యాలో చెప్పండి" అంది. ఒక్కటే చెప్పాను, ముందు ఆ ఆపరేటరుని పిలిచి తడిగుడ్డ సంగతికి క్షమించమని అడగమని. అడిగింది. అందరి ముందే అడిగింది. అది నేను చెప్పింది కాదు.

ఆ బుధవారం పెద్దాయన కాటా గదిలో కూచున్నారు. టీ కుర్రాణ్ణి మూడుసార్లు ఆఫీసులోకి పంపించారు, వాడు ప్రతిసారీ బోర్డు వైపు చూసి వెళ్ళాడు. సమావేశం అయ్యాక నేను అటు వెళ్ళాను.

"ఎన్ని ఎరుపులు?"

"నాలుగండి."

కొంచెంసేపు పేపరు మడత సర్దుకున్నారు. "రోళ్ళు మార్చారా?"

"పొద్దున్నే మార్చేశారండి."

ఎవర్నడిగి అన్న మాట ఆయన గొంతు దాకా వచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది. బయట ధాన్యం లారీ హారన్ కొట్టింది. ఆయన లేచి కాటా మీద బరువు చూసుకుని, చీటీ రాసి డ్రైవరుకి ఇచ్చారు.